చెనిక్కాయ బూజు, ఒక్క అక్షరము

కడప, కర్నూలు జిల్లాల మెట్టభూములలో వానను నమ్ముకొని పండెడు పంటలలో చెనిక్కాయ (వేరుసెనగ) ముఖ్యమైనది. గింజ ముదిరెడు చివరివారములలో వాన మొగము చాటువేసెనేని, నేల బెట్టగట్టి వేడెక్కి, లోపలి గింజ తన తేమను మాత్రమే గాక, బూజులను ఎదిరించుటకై తానై తయారుచేసికొను రక్షకద్రవ్యములను గూడ కోల్పోవును. మట్టిలో సదా పొంచియుండు ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అను శిలీంధ్రము ఆ అదను చూచుకొని గింజలో ప్రవేశించి అఫ్లటాక్సిన్ అను విషమును స్రవించును. కరువు పంటను తగ్గించుటయే గాక మిగిలిన పంటను విషపూరితముగ గూడ చేయగలదను సంగతి మన సీమవారు విశేషముగా తెలిసికొనదగినది.

ఈ విషము లోకమునకు తెలిసివచ్చినది 1960లో. ఇంగ్లండునందు లక్షకు పైగా టర్కీకోళ్లు కారణము తెలియక చచ్చిపోగా, వాటి దాణాలో కలిపిన బ్రెజిల్ దేశపు వేరుసెనగ చెక్కయే హేతువని తేలినది. మనదేశమున 1974లో రాజస్థాన్, గుజరాత్ గ్రామములలో బూజుపట్టిన మొక్కజొన్న తిని వందమందికి పైగా కాలేయవ్యాధితో మరణించినప్పుడు, హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు పరిశోధించి, దోషి ఈ విషమే యని నిర్ధారణ చేసిరి.

అధికమోతాదున ప్రాణము తీయు ఈ పదార్థము, స్వల్పముగా ఏండ్లతరబడి దేహమున చేరుచున్నప్పుడు చేయు పని మిక్కిలి సూక్ష్మమైనది. మన కణములలోని డి.ఎన్.ఎ. యందు ఏ, టి, జి, సి అను నాలుగే అక్షరములు సుమారు 300 కోట్ల స్థానములలో వరుస తీరియున్నవి. మూడేసి అక్షరముల కూటమి ప్రొటీనునందలి ఒక్కొక్క అమైనో ఆమ్లమును సూచించును. కాలేయములోని ఎంజైములు విషమును వెడలగొట్టబోయి, దానినే మరింత చురుకైన రూపమునకు మార్చగా, అది పోయి ‘జి’ అక్షరమును అంటుకొనును. కణము విభజన చెందునప్పుడు అచ్చోట ‘జి’కి మారుగా ‘టి’ పడవచ్చును. 1991లో చైనాలోని చీదోంగ్ ప్రాంతపు 16 కాలేయ క్యాన్సర్ కంతులను పరీక్షింపగా, వానిలో 8 కంతులయందు టిపి53 అను జన్యువులో 249వ కూటమి చివరి అక్షరము సరిగా ఇట్లే మారియుండెను.

ఆ కూటమి ‘ఏజిజి’, అర్థము ఆర్జినీన్. చివరి ‘జి’ పోయి ‘ఏ’ వచ్చినను ఆర్జినీనే కావున ప్రొటీనునకు హాని లేదు. ఇట్టిది మౌన ఉత్పరివర్తనము. ‘టి’ వచ్చెనా, ఆర్జినీన్ తొలగి సెరీన్ చేరి, దెబ్బతిన్న కణమును విభజన చెందనీయక ఆపవలసిన పి53 ప్రొటీన్ శక్తిహీనమగును. అదే జన్యువు 213వ కూటమిలో ‘సిజిఏ’ ‘టిజిఏ’గా మారినచో, ‘ఇచ్చట ఆపుము’ అను సంకేతము పుట్టి ప్రొటీను నడుమనే తెగిపోవును. తెగిపోవుటయే ఘోరమని తోచును గాని, ఎల్లప్పుడు అట్లు గాదు. పి53 అణువులు నాలుగేసి కలిసి పనిచేయును. కాడికి కట్టిన ఎద్దు మొరాయించినచో జతయెద్దును గూడ నిలిపివేయునట్లు, ఆకృతి చెడిన అణువు మంచి అణువులను గూడ నిష్ప్రయోజనము చేయుట కలదు. తప్పు ఎంత పెద్దదనుటకంటె ఎచ్చట పడినదనునదియే ఎక్కువ నిర్ణాయకమని నా అభిప్రాయము.

ఇతర ఉత్పరివర్తనములును కలవు. చెడినచో రొమ్ము క్యాన్సరునకు దారితీయగల బిఆర్‌సిఏ1 జన్యువులో రెండక్షరములు లోపించుటచే, ఆపై మూడేసిగా చదువవలసిన వరుస యంతయు తారుమారగు రకము వంశపారంపర్యముగా సంక్రమించును. 9వ, 22వ క్రోమోజోములు తమ తునకలను మార్చుకొన్నచో, ఒకానొక దీర్ఘకాలిక రక్తక్యాన్సర్ పుట్టును. కంటి క్యాన్సరగు రెటినోబ్లాస్టోమాను పరిశీలించి 1971లో నడ్సన్ అను శాస్త్రజ్ఞుడు ప్రతిపాదించినట్లు, క్యాన్సర్ నిరోధకజన్యువు ప్రతులు సాధారణముగ రెండును చెడవలెను. పుట్టుకతోనే ఒకటి చెడియున్న శిశువునకు రెండవ దెబ్బ త్వరగా తగులును. ఒక్క అక్షరము మారినంతనే క్యాన్సర్ రాదు. ఏండ్లమీద అనేకములు పేరుకొనవలెను.

అఫ్లటాక్సిన్‌కు తోడై ఈ ముప్పును పెంచునది హెపటైటిస్ బి వైరస్. షాంఘై నగరమున జరిగిన పరిశోధనలో ఈ విషము ఒక్కటియే ఉన్నవారికి కాలేయ క్యాన్సర్ ముప్పు సుమారు 3 రెట్లు, వైరస్ ఒక్కటియే ఉన్నవారికి 7 రెట్లు, రెండును ఉన్నవారికి దాదాపు 60 రెట్లు అని తేలినది.

తలిదండ్రులిచ్చిన జన్యువును మార్చుట మన చేతిలో లేదు గాని, ఈ ‘జి’ ‘టి’ కాకుండ చూచుట చాలవరకు మన చేతిలోనిదే. పటాన్‌చెరువునందలి ఇక్రిశాట్ అను వ్యవసాయ పరిశోధనసంస్థ ఈ విషమును కొలుచు చౌకపరీక్షను రూపొందించినది. దానిని అడిగి వాడుకొనవలెను. రైతులారా, గింజలో తేమ 8 శాతమునకు తగ్గువరకు ఎండబెట్టనిదే కాయను గోతాములకెత్తకుడు. తల్లులారా, సంగటిలోనికి ఊరిబిండి నూరుటకు ముందు ముడుతపడిన, రంగుమారిన గింజలను ఏరి పారవేయుడు. వేయించినను విషము పూర్తిగ నశింపదు. బూజుగింజలను గానుగకు పంపకుడు. విషము చెక్కలో మిగిలి, ఆ చెక్క తిన్న పాడిపశువు పాలలోనికి వేరురూపమున దిగును. శిశువు పుట్టిన 24 గంటలలోగా హెపటైటిస్ బి టీకా వేయించుట మరువకుడు.