నికోబార్ బల్లులు: పేరు దక్కితేనే లెక్కలోకి

నికోబార్ దీవుల అడవులలో చెట్టుమీది నుంచి చెట్టుమీదికి గాలిలో తేలుతూ దూకే బల్లి ఒకటున్నది. ఒంటికి ఇరుపక్కలా, వేళ్ల నడుమా ఉన్న చర్మపు పొరలే దానికి ఆధారం. ఆగ్నేయాసియాలో విస్తారంగా కనిపించే ఎగిరే బల్లి జాతిలోనే దీనిని చిరకాలం కలిపి లెక్కించారు. ఇది నికోబార్‌కే పరిమితమైన ప్రత్యేక జాతి అని శాస్త్రజ్ఞులు ఇంద్రనీల్ దాస్, ఎస్.పి. విజయకుమార్ 2009లో ప్రకటించారు. అంతకు ముందు 1997లో గ్రేట్ నికోబార్‌కు చెందిన మరో కొత్త అడవి బల్లిని దాస్ వర్ణించారు.

పొలుసుల అమరిక, తొడల అడుగున ఉండే సూక్ష్మరంధ్రాల సంఖ్య, నేడు జన్యు పరీక్ష బల్లుల వర్గీకరణకు ముఖ్య ఆధారాలు. ఇది కేవలం పేర్లు పెట్టే పని కాదు. పలు దేశాలలో ఉన్న జాతి ఒక దీవిలో అంతరించినా మరోచోట మిగులుతుంది. దీవులకే పరిమితమైన జాతికి ఆ అవకాశం లేదు.

గ్రేట్ నికోబార్‌లో ఓడరేవు, విమానాశ్రయం, విద్యుత్ కేంద్రం, పట్టణ నిర్మాణానికి 2022లో కేంద్రం పర్యావరణ అనుమతి మంజూరు చేసింది. ఈ పథకానికి సుమారు 130 చదరపు కిలోమీటర్ల అటవీభూమిని కేటాయించారు. గుర్తింపు లేని జీవి నష్టపు అంచనాలలోకి రాదు. కనుక చెట్లు కూలకముందే అక్కడి జీవుల గణన, వర్గీకరణ పూర్తి కావడం అవసరం.