పది డాలర్ల జరిమానా



"చిన్న కేసే గదా! తప్పు ఒప్పుకొని, ఆ జరిమానా కాస్తా కట్టేసి ఇంటికి రా." ఈ మాట మన పల్లెలలో ఎంత తరచుగా వినబడునో మీకు తెలియును. సంతలో మాటామాటా పెరిగినదనియో, బస్టాండులో కేకలు వేసినాడనియో, జాతరనాడు దారికి అడ్డముగా నిలిచినాడనియో పెట్టీ కేసు వ్రాసినప్పుడు ఇంటి పెద్దలు ఇచ్చు సలహా ఇదే. వాయిదాలకు తిరిగితే కూలి పోవును, బస్సు చార్జీలు పోవును, పరువు పోవును అని వారి భయము. ఆ భయము ఊరక పుట్టినది కాదు.

తప్పు చేసినవాడు ఒప్పుకొని జరిమానా చెల్లించుట మంచిదే. దానిని మేము కాదనము. కాని చేయని తప్పును ఒప్పుకొనుట చిన్న సంగతి కాదు. జరిమానా ఎంత స్వల్పమైనను, నేరము ఋజువు కావలసినదే. ఈ సత్యమును లోకమునకు చూపించిన కేసు ఒకటి అమెరికా దేశములో జరిగినది. అందులో జరిమానా కేవలము పది డాలర్లు. అయినను అది ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము వరకు వెళ్లినది.

బస్సు కొరకు వేచియున్న మనిషి

కెంటకీ రాష్ట్రములో లూయీవిల్ అను పట్టణము కలదు. అక్కడ శామ్ థామ్సన్ అను నల్లజాతి మనిషి నివసించుచుండెను. ఇండ్లలో పని చేసి జీవించువాడు. ఒకే కుటుంబము వద్ద 30 సంవత్సరములుగా వారమునకు కనీసము ఒక దినము పనికి వెళ్లుచుండెను. ఖాళీ స్థలములు రెండు ఆయన పేరిట ఉన్నవి. సంపాదన కొద్దిదే గాని తన అవసరములకు సరిపోవుచుండెను.

1959 జనవరి 24, శనివారము సాయంకాలము, ఆయన 'లిబర్టీ ఎండ్ కేఫ్' అను హోటలులో బస్సు కొరకు వేచియుండెను. ఇంటికి వెళ్లు బస్సు అక్కడికి దగ్గరలోనే 7:30 ప్రాంతమున ఆగును. సుమారు 6:20కి ఆయన లోనికి రాగా, అరగంట తరువాత ఇద్దరు పోలీసులు మామూలు తనిఖీకి వచ్చిరి. ఆయన ఒంటరిగా నాట్యము చేయుచున్నాడని వారు చెప్పిరి. నేలమీద నిలిచి పాదముతో తాళము వేయుచుండెనని హోటలు మేనేజరు చెప్పెను. ఇక్కడ ఎందుకున్నావని పోలీసు అడుగగా, బస్సు కొరకు అని ఆయన బదులిచ్చెను. వెంటనే, పని లేక తిరుగాడుచున్నాడను నేరము మీద ఆయనను అరెస్టు చేసి బయటకు తీసికొని వచ్చిరి.

బయటకు వచ్చిన పిమ్మట ఆయన వారితో వాదించెనట. అందుచేత 'అల్లరి ప్రవర్తన' అను రెండవ నేరమును కూడ చేర్చిరి. ఆయన గొంతు పెంచినట్లు గాని, బూతుమాట పలికినట్లు గాని, చెయ్యెత్తినట్లు గాని ఎవరును చెప్పలేదు. వాదించెను అన్నది ఒక్కటే ఆరోపణ. లూయీవిల్ పోలీసు కోర్టు ఒక్కొక్క నేరమునకు పది డాలర్ల చొప్పున జరిమానా విధించెను.

ఇంకొక సంగతి గమనించవలెను. అంతకు ముందు ఆయన 54 పర్యాయములు అరెస్టు అయినట్లు రికార్డులో ఉన్నది. వినినవారు, "ఇంతమంది పోలీసులు ఊరకనే పట్టుకొందురా?" అని అనుకొనవచ్చును. మన ఊరిలో కూడ ఒకసారి పేరు పడిన కుర్రవానిని గూర్చి ఇట్లే అనుకొనుట లేదా? కాని అరెస్టు అగుట వేరు, నేరము ఋజువగుట వేరు. అరెస్టుల లెక్క ఎంత పెద్దదైనను, ఆ శనివారము సాయంకాలము ఆయన ఏమి చేసెనో అది చెప్పజాలదు.

న్యాయవాది ఏమి చేసెను?

థామ్సన్ పక్షమున నిలిచిన న్యాయవాది లూయిస్ లస్కీ. ఆయన చేసిన పనిలో మంత్రమేమియు లేదు. చట్టములోని మాటలను ఒక్కొక్కటిగా తీసి, దీనికి సాక్ష్యమేది అని అడుగుటయే ఆ పని. మా దృష్టిలో ఈ కేసు నుండి సామాన్య కుటుంబము నేర్చుకొనవలసిన పాఠమంతయు ఇక్కడనే ఉన్నది.

పని లేక తిరుగాడుట అను నేరమునకు ఆ పట్టణ చట్టము కొన్ని గురుతులు చెప్పినది. జీవనాధారము లేనివాడా? థామ్సన్ వద్ద డబ్బు ఉన్నది, పని ఉన్నది, ఇల్లు ఉన్నది. తన్ను గూర్చి సరియైన సమాధానము చెప్పలేనివాడా? ఇంటి చిరునామా చెప్పెను, బస్సు వేళల కాగితము కూడ ఆయన వద్ద ఉండెను. యజమాని అనుమతి లేక ఇతరుల స్థలములో ఉన్నవాడా? హోటలు మేనేజరే సాక్షిగా వచ్చి, ఈయన తరచుగా వచ్చువాడే, తప్పేమియు నాకు కనబడలేదు, ఎవరును ఫిర్యాదు చేయలేదు అని చెప్పెను. ఏమియు కొనలేదని ఆ రాత్రి మేనేజరు పోలీసులతో అనిన మాట నిజమే. కాని తాను చూడకుండ మరియొకరి వద్ద కొనియుండవచ్చునని కోర్టులో ఒప్పుకొనెను. తాను తిండి కొనుక్కొని తింటినని థామ్సన్ చెప్పెను.

ఇట్లు ఒక్కొక్క గురుతును పరిశీలించగా చేతిలో ఏమియు మిగులలేదు. అప్పుడు న్యాయవాది, సాక్ష్యమే లేదు గనుక కేసు కొట్టివేయుడని ఆ మొదటి కోర్టులోనే కోరెను. కోర్టు ఒప్పుకొనలేదు. కాని ఆ అభ్యంతరము రికార్డులోనికి ఎక్కినది. తరువాత పైకి వెళ్లుటకు దారి చేసినది అదియే. క్రింది కోర్టులో నోరు తెరువనివానికి పై కోర్టులో చెప్పుకొనుటకు మిగులునది కొంచెమే.

పైకి దారి లేని కేసు

ఇక్కడ ఒక విచిత్రము జరిగినది. ఒక్కొక్క నేరమునకు 20 డాలర్ల కంటె తక్కువ జరిమానా అయినచో, కెంటకీలో ఏ పై కోర్టుకును అప్పీలు లేదు. జరిమానా పెద్దదైయుంటే రాష్ట్రపు కోర్టులలో తిరిగెడివాడు. చిన్నదగుటచేత, మిగిలిన ఒకే తలుపు వాషింగ్టనులోని అత్యున్నత న్యాయస్థానము! కాని అక్కడికి కాగితములు సిద్ధమగు లోపల జరిమానాకు బదులు జైలు గడిచిపోవును. కెంటకీ అప్పీలు కోర్టు ఆ ఇబ్బందిని గుర్తించి శిక్షను నిలిపివేయగా, దారి తెరువబడినది.

1960 మార్చి 21న తీర్పు వచ్చినది. న్యాయమూర్తి హ్యూగో బ్లాక్ దానిని వ్రాసెను. న్యాయమూర్తులందరును ఏకగ్రీవముగా ఉండిరి. జరిమానాలు చిన్నవే గాని వాటివలన లేచిన ప్రశ్న పెద్దదని కోర్టు చెప్పినది. సాక్ష్యము చాలునా చాలదా అన్నది కాదు, అసలు సాక్ష్యమంటూ ఉన్నదా అన్నదే ఆ ప్రశ్న. లేదని తేలినది. పోలీసుతో వాదించుట మాత్రముచేతనే అది అల్లరి ప్రవర్తన కాజాలదని కూడ చెప్పబడినది. సాక్ష్యము లేకుండ మనిషిని శిక్షించుట రాజ్యాంగపు పదునాలుగవ సవరణకు విరుద్ధమని రెండు శిక్షలను కొట్టివేసిరి.

పది డాలర్లు ఎవరిని కాపాడెను?

తీర్పు వచ్చిన వారమునకే, మార్చి ఆఖరు దినములలో, లూసియానా రాష్ట్రము బేటన్ రూజ్ పట్టణములో నల్లజాతి విద్యార్థులు తెల్లవారికి మాత్రమే కేటాయించిన ఫలహారపు బల్లల యొద్ద మౌనముగా కూర్చుండిరి. శాంతికి భంగము కలిగించిరని వారిని శిక్షించిరి. 1961 డిసెంబరులో అత్యున్నత న్యాయస్థానము ఆ శిక్షలను రద్దు చేసినది. అప్పుడు ఆధారముగా తీసికొనిన తీర్పు థామ్సన్ తీర్పే. తన పది డాలర్ల కొరకు నిలిచిన పనివాడు, తాను ఎరుగని పిల్లల చేతి సంకెలలు విప్పుటకు సహాయపడెను. 1979లో అదే కోర్టు ఇంకను ముందుకు వెళ్లి, ఏదో కొంచెము సాక్ష్యము ఉన్నంత మాత్రమున చాలదు, సహేతుకమైన సందేహమునకు తావులేనంత సాక్ష్యము ఉండవలెనని నిర్ణయించినది.

పట్టణములో గలిబిలి రేపిరను నేరము లేఖనములలో కూడ కనబడును. ఫిలిప్పీలో పౌలు సీలలపై మోపినది అదియే. విచారణ లేకుండ బెత్తములతో కొట్టించి చెరసాలలో వేసిరి. మరునాడు రహస్యముగా వెళ్లిపొమ్మనగా పౌలు ఒప్పుకొనలేదు; అధికారులే వచ్చి తమ్మును వెలుపలికి తీసికొని పోవలెనని కోరెను. అది గర్వము కాదు. ఆ పట్టణములో వెనుక మిగిలియున్న విశ్వాసుల మీద నింద నిలువకుండ ఉండుటకు అది అవసరమని మేము తలంచుచున్నాము.

మన చట్టములో

మన దేశపు చట్టము వేరు. అమెరికా తీర్పు ఇక్కడ చెల్లదు. కాని నేరమును ఋజువు చేయవలసిన భారము మోపినవారిదే అను సూత్రము ఇక్కడను ఉన్నది. 2024 జూలై 1 నుండి మనకు భారతీయ న్యాయ సంహిత అమలులో ఉన్నది. త్రాగి బహిరంగ స్థలములో ఇతరులను చికాకుపరచువానికి పాత చట్టములో 24 గంటల సాధారణ ఖైదు లేక పది రూపాయల వరకు జరిమానా, లేక రెండును ఉండెడివి. ఇప్పుడు ఆ జరిమానా వెయ్యి రూపాయల వరకు ఉన్నది. సమాజ సేవ కూడ విధింపవచ్చును. బహిరంగ స్థలములో కొట్లాడి శాంతికి భంగము కలిగించినచో నెల వరకు ఖైదు, లేక వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేక రెండును.

ఇట్టి కేసులలో మేజిస్ట్రేటు గారు ఆరోపణ ఏమిటో చెప్పి, నేరము ఒప్పుకొనుచున్నావా, లేక చెప్పుకొనవలసినది ఏమైనా ఉన్నదా అని అడుగుదురు. ఆ ఒక్క నిమిషము ముఖ్యమైనది. ఒప్పుకొన్న తరువాత, శిక్ష ఎక్కువైనదనియో చట్టవిరుద్ధమనియో తప్ప, నేను నిర్దోషినని అప్పీలు చేయుటకు వీలుండదు. కనుక కుటుంబములు ఈ కొన్ని సంగతులు జ్ఞాపకముంచుకొనవలెను.

వీధిలో పోలీసు వారితో తగవు పెట్టుకొనకుడి. వారు చట్టప్రకారము చెప్పిన మాట వినవలెనని మన చట్టమే చెప్పుచున్నది. వాదన ఉండవలసిన స్థలము కోర్టు. ఏ సెక్షను క్రింద కేసు వ్రాసినారో అడిగి తెలిసికొనుడి. ఆ సమయమున అక్కడ ఉన్నవారి పేర్లు, బస్సు టికెట్టు, కూలి చీటీ వంటివి ఆ దినమే భద్రపరచుడి; నెల తరువాత ఎవరికిని గుర్తుండదు. చదువకుండ, చదివించుకొనకుండ ఏ కాగితము మీదను వ్రేలిముద్ర వేయకుడి.

ప్లీడరుకు డబ్బు లేదని దిగులుపడకుడి. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టము ప్రకారము స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి, నిర్బంధములో ఉన్నవారికి, తక్కువ ఆదాయము గలవారికి ఉచితముగా న్యాయవాదిని ఇచ్చెదరు. మీ కోర్టు ఆవరణలోని న్యాయ సేవా కమిటీ వద్ద అడుగవచ్చును, లేక 15100 నంబరుకు ఫోను చేయవచ్చును.

తల్లిదండ్రులారా, మీ కుమారుడు నిజముగా అల్లరి చేసియుంటే దాచకుడి. ఒప్పుకొని సరిదిద్దుకొనుట నేర్పుడి. చేయనియెడల, త్వరగా ఇంటికి రావలెనని అబద్ధమును ఒప్పింపకుడి. సంఘపు పెద్దలారా, అట్టి కుటుంబము వాయిదాకు వెళ్లు దినమున ఒకరు వారి వెంట వెళ్లుడి. చూచినవారు సాక్ష్యమునకు వెనుదీయకుడి. లూయీవిల్ మేనేజరు నాకెందుకులే అని ఊరకుండినయెడల, థామ్సన్ పక్షమున చెప్పుటకు ఆయన నోటిమాట తప్ప మరేమి మిగిలెడిది?