ఓడలో గది ఎచ్చట ఉండవలెను?

ముంబయి నుండి గోవాకు విహారనౌకలో మేము దంపతులము ప్రయాణము చేసితిమి. సముద్రము చక్కగా కనబడునని ముందుకొసన, పై అంతస్తున గది తీసికొంటిమి. ఆ రాత్రి భోజనశాలలో ఎన్ని వంటకములున్నను మా శ్రీమతి ముట్టలేదు. నాట్యప్రదర్శనము నడుమనే లేచి వచ్చితిమి.

త్రాసు దండమును చూడుడు: కొనలు ఊగినంత నడుమ ఊగదు. కొబ్బరిచెట్టు తల ఊగినంత మొదలు ఊగదు. ఓడయు నట్లే. గదిగోడలు నిలుకడగా నున్నవని కన్ను చెప్పును. కదలుచున్నామని లోచెవి చెప్పును. ఈ వైరుధ్యమే వికారమునకు మూలము.

నీటిలో రెక్కలు చాచి ప్రక్కల ఊపును తగ్గించు సాధనములు కలవు. ‘క్వీన్ మేరీ’ నౌకకు వానిని 1958లో అమర్చిరి. ముందుకొస లేచిపడుటను మాత్రము అవి ఆపజాలవు.

మరునాడు ఓడ పైభాగమున నిలిచి దిగంతమును చూడగా చూడగా ఆమె తేరుకొని ఇడ్లీలు తినెను. శ్రోతలారా, కిటికీకన్న చోటు ముఖ్యము: నడిమిభాగమున, క్రింది అంతస్తున గది అడుగుడు.