గొంతు చెప్పే అంతస్తు

అధికారం ఉన్నవారి మాట ఖంగుమంటుందని మనకో నమ్మకం. సెనెగల్‌లోని వొలోఫ్ పల్లెల్లో మాత్రం గొంతు పెంచితేనే చిన్నతనం. అమెరికా పరిశోధకురాలు జుడిత్ ఇర్విన్ 1970లలో అక్కడివారి మాటతీరును చాలా ఓపికగా గమనించారు.

వొలోఫ్ సమాజంలో పుట్టుకతో వచ్చే తరతమాలున్నాయి. పై మెట్టు మీద ఉండే కులీనులను గేర్‌లంటారు. వాళ్ల వంశచరిత్రలు గుర్తుంచుకుని, నలుగురిలో పొగిడి, కానుకలు అందుకునేవారు గెవెల్‌లు. మన భట్రాజులను తలచుకుంటే వీరి పని చప్పున అర్థమవుతుంది. గెవెల్ మాట పై స్థాయి గొంతుతో, బిగ్గరగా, గుక్క తిప్పుకోకుండా సాగుతుంది. గేర్ మాట కింది స్థాయి గొంతుతో, మెల్లగా, ముక్తసరిగా ఉంటుంది. పెద్ద హోదా ఉన్నవారు వ్యాకరణంలో తడబడినా పరువు పోదు; మాటల నేర్పుతో బతకాల్సిన అవసరం తమకు లేదని ఆ తడబాటే చెబుతుంది. సభలో పెద్దమనిషి గొణిగినట్టు చెప్పిన నాలుగు ముక్కలను పక్కనున్న గెవెల్ అందుకుని, పెంచి, అందరికీ వినిపిస్తాడు. నన్ను బాగా ఆలోచింపజేసింది ఇదే. ఒకరు నింపాదిగా ఉండగలగడానికి ఇంకొకరు గొంతు చించుకుంటున్నారు.

కింది స్థాయి గొంతుకు, పెద్దరికానికి ఈ ముడి ఎక్కడిది? భాషాశాస్త్రవేత్త జాన్ ఒహాలా 1980లలో ఒక వివరణ ఇచ్చారు. పెద్ద శరీరం నుంచి లోతైన శబ్దం వస్తుంది. అందుకే బెదిరించే కుక్క గుర్రుమంటుంది, లొంగిపోయే కుక్క సన్నగా కుయ్యిమంటుంది. మనిషి గొంతులోనూ ఆ జాడ మిగిలిందని ఆయన వాదన. ఈ వాదన గొంతు స్థాయి వరకే సరిపోతుంది. నిదానం గొప్పా, వేగం గొప్పా అన్నది మాత్రం ఆయా సమాజాలు నేర్పేదే అనిపిస్తుంది.

ఎదుటివారి హోదాను బట్టి గొంతు తనంతట తానే సర్దుకుంటుంది కూడా. అమెరికా టీవీలో లారీ కింగ్ చేసిన ముఖాముఖీలను పరిశీలించి గ్రెగరీ, వెబ్‌స్టర్ అనే ఇద్దరు 1996లో ఒక పత్రం ప్రచురించారు. పెద్ద హోదా ఉన్న అతిథి వస్తే కింగ్ గొంతు అతిథి గొంతు వైపు ఒరిగేది. చిన్న హోదా అతిథులైతే వాళ్లే ఆయన వైపు ఒరిగేవారు.

వొలోఫ్ వారు ఈ సర్దుబాటును తెలిసే చేస్తారు. అక్కడ ముందుగా పలకరించినవారు చిన్నవారు. చిన్నవారిని ఆదుకోవడం పెద్దవారి ధర్మం. అందుకని ఒక గేర్ మరో గేర్‌ను డబ్బు సాయం అడగదలిస్తే తానే ముందుగా పలకరించి, గొంతు హెచ్చించి, గెవెల్ బాణీలోకి దిగుతాడు. అది పసిగట్టిన రెండో మనిషి, ఇవ్వాల్సిన బాధ్యత తన మీద పడకుండా, తానే ముందుగా పలకరించాలని చూస్తాడు.