కార్బురేటరు చెప్పు సాక్ష్యము

పెట్రోలును సన్నని తుంపరగా మార్చి, తగుపాళ్ళలో గాలితో కలిపి ఇంజనునకు అందించునది కార్బురేటరు. నాలుగు నట్లు విప్పినచో అది ఊడివచ్చును. పాత రేడియోలో వాల్వు మార్చినట్లే దానిని మార్చి మరియొకటి బిగింపవచ్చును. అందుచేతనే, అమెరికాలో ‘మజిల్ కార్లు’ అని పేరొందిన 1960 దశాబ్దపు వేగవంతములగు కార్లను కొనువారికి ఒక సందేహము కలుగుచుండును: ఈ కార్బురేటరు కర్మాగారమున అమర్చినదేనా? ‘అసలుది’ అన్న ఒక్క మాటతో ధర పెరుగును. ఆ మాటను పరీక్షించుట ఎట్లో చూతము.

1969 నాటి షెవ్రొలే కమారో జడ్/28 కారును ఉదాహరణముగా తీసికొందము. ట్రాన్స్-యామ్ పందెములలో ఇంజను 5 లీటర్లకు మించరాదను నిబంధన ననుసరించి దీనికి 302 ఘనపుటంగుళముల ఇంజనును అమర్చిరి. దానిపైన ఉండెడిది నిమిషమునకు 780 ఘనపుటడుగుల గాలిని పంపగల హోలీ కార్బురేటరు. పైభాగమున గాలి ప్రవేశించు ద్వారపు గోడపై 4053 అను హోలీ సంఖ్యయు, 3923289 అను జనరల్ మోటార్స్ సంఖ్యయు ముద్రింపబడి యుండును. మొదట చూడవలసినవి ఇవి.

పిమ్మట తేదీ. అది మూడు గుర్తులతో నుండును: సంవత్సరపు చివరి అంకె, నెల, వారము. 933 అనగా 1969 మార్చి మూడవ వారము. అక్టోబరునకు సున్న, నవంబరు, డిసెంబరులకు ఏ, బి అక్షరములు. ఇంజను ముద్రలో 0410 అని యున్నచో అది ఏప్రిల్ 10న కూర్చబడినదని అర్థము. కారు బాడీపై నున్న రేకు పలకయు నెలను, వారమును తెలుపును. కార్బురేటరు ముందు, ఇంజను తరువాత, కారు చివర రావలెను. బిడ్డ పుట్టకముందే బారసాల జరుగదు గదా! కారుకన్న తరువాతి తేదీ గల కార్బురేటరు దానితో వచ్చినది కాజాలదు.

అంకెలు సరిపోయినంతమాత్రమున పరీక్ష ముగియదు. పాత ముద్రను ఆకురాయితో అరగదీసి క్రొత్త అంకెలు కొట్టువారును కలరు. కావున అంకెల వరుసను, లోతును, చుట్టునున్న లోహపు తీరును భూతద్దముతో పరికింపవలెను.

మరియొక సంగతి ముఖ్యమైనది. 1969లో ఇంజనుపైనను, గేరు పెట్టెపైనను కారు సంఖ్యలో కొంతభాగమును ముద్రించిరి, కార్బురేటరుపై ముద్రింపలేదు. కనుక తేదీలు కార్బురేటరు ‘ఈ కారుది కాదు’ అని గట్టిగా చెప్పగలవు గాని, ‘ఈ కారుదే’ అని చెప్పజాలవు. అన్నియు సరిపోయినను ‘ఈ కారునకు తగినది’ అనుటయే న్యాయమని మా అభిప్రాయము. కొనువారు ఆ మాటకు తగిన ధరనే చెల్లింపవలెను.