పాఠ్యభాగం 9: లినక్స్ ప్యాకేజీలో సేవా ప్రారంభ స్క్రిప్టును నవీకరించడం

9.0 లక్ష్యాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరవాత మీరు:
- సేవ, ప్రారంభ స్క్రిప్టు, యూనిట్ ఫైల్ అనే పదాలను వివరించగలుగుతారు.
- పాత ప్రారంభ స్క్రిప్టులో సాధారణంగా ఉండే లోపాలను గుర్తించగలుగుతారు.
- ఒక చిన్న సేవకు యూనిట్ ఫైల్ రాసి, ప్రతి వరుస ఎందుకు ఉందో చెప్పగలుగుతారు.
- వాడుకదారు అమరికలు చెడకుండా ప్యాకేజీని నవీకరించే పద్ధతిని తెలుసుకుంటారు.

గమనిక: ఈ భాగంలో ఆదేశాల పేర్లను, ఫైళ్ళ పేర్లను ఉచ్చారణను బట్టి తెలుగు లిపిలో ఇచ్చాం. ప్రయోగశాలలో వాటిని ఆంగ్ల అక్షరాల్లో టైపు చేయాలి.

9.1 పరిచయం

వజ్రకరూరు అనగానే చాలామందికి వజ్రాలు గుర్తుకు వస్తాయి. తొలకరి వానలు పడగానే చేలల్లో రాళ్ళు వెతకడానికి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి జనం వస్తారు. అయితే అక్కడి వేరుశనగ రైతుకు వజ్రం కంటే ముందు వాన కావాలి. అనంతపురం జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. విత్తిన తరవాత ఎన్ని రోజులు వాన లేదన్న లెక్కతో పంట దిగుబడి ముడిపడి ఉంటుంది. వాతావరణ ఆధారిత పంటల బీమాలో పరిహారం కూడా ఇలాంటి లెక్క మీదే ఆధారపడుతుంది. భారత వాతావరణ శాఖ పద్ధతిలో ఒక ఉదయం 8.30 నుంచి మర్నాటి ఉదయం 8.30 వరకు కురిసిన వానను ఒక రోజు వర్షపాతంగా లెక్కిస్తారు. అది 2.5 మిల్లీమీటర్లు లేదా అంతకంటే ఎక్కువ ఉంటే ఆ రోజును వర్షపు రోజు అంటారు.

ఇప్పుడు ఒక ఉదాహరణ ఊహించుకుందాం. వజ్రకరూరులో ఒక కళాశాల మేడమీద వర్షమాపకం ఉంది. అందులోని చిన్న తొట్టి 0.2 మిల్లీమీటర్ల వాన నిండగానే ఒరిగి నీటిని పారబోస్తుంది. ఒరిగిన ప్రతిసారీ ఒక సంకేతం రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరుకు చేరుతుంది. డెబియన్ ఆధారిత లినక్స్‌తో నడిచే ఆ కంప్యూటరులో ‘వానలెక్క’ అనే ప్యాకేజీ ఆ సంకేతాలను లెక్కపెడుతుంది. ఈ పేరు పాఠం కోసం పెట్టుకున్నదే.

ఒక రాత్రి గాలివాన మొదలైంది. కరెంటు పోయింది, గంట తరవాత వచ్చింది. కంప్యూటరు దానంతట అదే ఆన్ అయింది. కాని వానలెక్క మొదలు కాలేదు. తెల్లవార్లూ వాన కురిసింది, తొట్టి ఒరుగుతూనే ఉంది. లెక్కపెట్టేవారే లేరు. ఉదయం పట్టికలో ఆ గడి ఖాళీగా ఉంది. ఖాళీ గడిని చూసినవారు దాన్ని సున్నా అనుకుంటే, వాన పడిన రోజు కాస్తా పొడి రోజుగా మారిపోతుంది. ఇక్కడ వర్షమాపకంలోగాని, లెక్కించే ప్రోగ్రాములోగాని దోషం లేదు. దోషమంతా ఆ ప్రోగ్రామును ప్రారంభించే కొద్ది వరుసల స్క్రిప్టులో ఉంది. దాన్ని సరిదిద్దడమే ఈ భాగం విషయం.

9.2 సేవ, ప్రారంభ స్క్రిప్టు

తెర మీద కనిపించకుండా, ఎవరూ లాగిన్ కాకపోయినా వెనుక నడుస్తూ ఉండే ప్రోగ్రామును సేవ అంటారు. వెబ్ సర్వరు, ముద్రణ సర్వరు, గడియారాన్ని సరిచేసే ప్రోగ్రాము ఇందుకు ఉదాహరణలు. లినక్స్ కెర్నల్ మేల్కొన్నాక మొదట ఒకే ఒక ప్రోగ్రామును ప్రారంభిస్తుంది. దాని ప్రాసెస్ సంఖ్య ఎప్పుడూ 1. దీన్ని ఇనిట్ అంటారు. మిగిలిన సేవలన్నిటినీ ప్రారంభించే బాధ్యత దానిదే.

చాలా ఏళ్ళపాటు ఈ పని సిస్టమ్ ఫైవ్ ఇనిట్ పద్ధతిలో జరిగింది. ప్రతి సేవకు ఈటీసీ డైరెక్టరీలోని ఇనిట్.డి లో ఒక షెల్ స్క్రిప్టు ఉండేది. దానికి స్టార్ట్, స్టాప్, రీస్టార్ట్, స్టేటస్ వంటి మాటల్లో ఒకటి ఇస్తే ఆ పని చేసేది. స్క్రిప్టు పైభాగంలో వ్యాఖ్యల రూపంలో ఒక శీర్షిక ఉండేది. ఈ సేవ పేరేమిటి, దీనికంటే ముందు ఏవి మొదలవ్వాలి, ఏ రన్‌లెవెల్‌లో నడవాలి అన్న వివరాలు అందులో ఉండేవి.

9.3 పాత స్క్రిప్టులో లోపాలు

వానలెక్క పాత స్క్రిప్టు పని తీరు ఇది. స్టార్ట్ అనగానే అది ఒక పిఐడి ఫైల్ ఉందేమో చూస్తుంది. పిఐడి ఫైల్ అంటే నడుస్తున్న సేవ ప్రాసెస్ సంఖ్యను రాసి ఉంచే చిన్న ఫైల్. అది ఉంటే ‘సేవ ఇప్పటికే నడుస్తోంది’ అని చెప్పి ముగిస్తుంది. లేకపోతే ప్రోగ్రామును వెనుకకు పంపి, దాని సంఖ్యను ఫైల్‌లో రాస్తుంది. స్టాప్ అన్నప్పుడు ఆ ఫైల్‌ను తీసివేస్తుంది. ఇందులో నాలుగు లోపాలున్నాయి.

(అ) పాతబడిన పిఐడి ఫైల్: కరెంటు పోయినప్పుడు స్టాప్ నడవదు. కాబట్టి ఫైల్ అలాగే మిగిలిపోతుంది. రన్ డైరెక్టరీలో పెట్టిన ఫైల్ కంప్యూటరు తిరిగి మొదలైనప్పుడు దానంతట అదే పోతుంది. వానలెక్క స్క్రిప్టు మాత్రం దాన్ని వార్ డైరెక్టరీలోని లిబ్‌లో, డేటా పక్కన పెట్టింది. అందుకే లేని సేవను ఉన్నట్టు నమ్మింది.

(ఆ) పర్యవేక్షణ లేకపోవడం: సేవ మధ్యలో కూలిపోతే ఈ పద్ధతిలో దాన్ని తిరిగి లేపేవారు లేరు.

(ఇ) గడియారం: రాస్ప్‌బెర్రీ పై 5 కు ముందు నమూనాల్లో, కరెంటు లేనప్పుడు కూడా నడిచే గడియారం లేదు. కంప్యూటరు తిరిగి మొదలైనప్పుడు సమయం దాదాపు ఆగిన చోటి నుంచే కొనసాగుతుంది. ఇంటర్నెట్ ద్వారా సరిచేసుకునేదాకా అది తప్పుగానే ఉంటుంది. కరెంటు లేని సమయం ఉదయం 8.30 దాటితే, ఆ తరవాతి వాన ముందు రోజు ఖాతాలో పడుతుంది. సమయం సరైన తరవాతే మొదలవ్వాలన్న షరతు పాత శీర్షికలో లేదు.

(ఈ) అధికారం: సేవ రూట్ అధికారంతో నడుస్తోంది. తొట్టి ఒరగడాన్ని లెక్కపెట్టడానికి కంప్యూటరు మొత్తం మీద అధికారం అక్కర్లేదు.

9.4 సిస్టమ్‌డి రాక

2010లో లెన్నార్ట్ పోటరింగ్, కే సీవర్స్ సిస్టమ్‌డి అనే కొత్త ఇనిట్‌ను ప్రారంభించారు. ఇందులో ప్రతి సేవకు షెల్ స్క్రిప్టు బదులు యూనిట్ ఫైల్ ఉంటుంది. స్క్రిప్టు ‘ఎలా చేయాలి’ అని చెబుతుంది, యూనిట్ ఫైల్ ‘ఏమి కావాలి’ అని మాత్రమే చెబుతుంది. ప్రాసెస్‌ను లేపడం, కనిపెట్టి ఉండడం, ఆపడం సిస్టమ్‌డి చూసుకుంటుంది. సేవకు చెందిన ప్రాసెస్‌లన్నిటినీ కెర్నల్ ఒక కంట్రోల్ గ్రూపుగా గుర్తుపెట్టుకుంటుంది కాబట్టి పిఐడి ఫైల్ అవసరమే ఉండదు.

ఫెడోరా 2011లోను, రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 2014లోను దీనికి మారాయి. డెబియన్ సాంకేతిక సంఘం 2014 ఫిబ్రవరిలో నిర్ణయం తీసుకోగా, 2015 ఏప్రిల్‌లో వెలువడిన డెబియన్ 8 దీన్నే ప్రధాన ఇనిట్‌గా స్వీకరించింది. సి-డాక్ రూపొందించిన బాస్ లినక్స్, తెలుగు కోసం కృషిచేస్తున్న స్వేచ్ఛ సంస్థ తెచ్చిన ఆపరేటింగ్ సిస్టమ్ డెబియన్ ఆధారంగా తయారైనవే. ఇలాంటి వ్యవస్థలు చాలావరకు డెబియన్ ప్యాకేజీలనే స్వీకరిస్తాయి. కాబట్టి ఒక ప్యాకేజీలో చేసిన మంచి మార్పు మన బడుల, కార్యాలయాల కంప్యూటర్ల దాకా వస్తుంది. పొరపాటు కూడా అలాగే వస్తుంది.

9.5 కొత్త యూనిట్ ఫైల్

[యూనిట్]
డిస్క్రిప్షన్=వర్షమాపక నమోదు సేవ
ఆఫ్టర్=టైమ్-సింక్.టార్గెట్

[సర్వీస్]
టైప్=సింపుల్
యూజర్=వానలెక్క
సప్లిమెంటరీగ్రూప్స్=డయలౌట్
స్టేట్‌డైరెక్టరీ=వానలెక్క
ఎగ్జెక్‌స్టార్ట్=/యూఎస్ఆర్/బిన్/వానలెక్క --ఫోర్‌గ్రౌండ్
రీస్టార్ట్=ఆన్-ఫెయిల్యూర్
రీస్టార్ట్‌సెక్=30

[ఇన్‌స్టాల్]
వాంటెడ్‌బై=మల్టీ-యూజర్.టార్గెట్

ఒక్కొక్క వరుసను చూద్దాం.

ఆఫ్టర్ అనేది వరుసక్రమాన్ని మాత్రమే చెబుతుంది. సమయం నిజంగా సరిపడేదాకా ఆగాలంటే సిస్టమ్‌డి-టైమ్-వెయిట్-సింక్ అనే సేవను కూడా ఎనేబుల్ చేయాలి. అయితే ఆ సేవకు గడువు లేదు. ఇంటర్నెట్ రాకపోతే అది ఆగుతూనే ఉంటుంది, వానలెక్క కూడా ఆగిపోతుంది. తప్పు తేదీతో నమోదు కావడం ఒక నష్టం, అసలు నమోదు కాకపోవడం ఇంకో నష్టం. గాలివానకు కరెంటు, ఇంటర్నెట్ రెండూ పోయే ఊళ్ళో దీనికి సరైన పరిష్కారం సాఫ్ట్‌వేరులో లేదు. బిళ్ళ బ్యాటరీతో నడిచే గడియారపు మాడ్యూలును కంప్యూటరుకు జోడించాలి.

టైప్=సింపుల్ అన్నప్పుడు ప్రోగ్రాము ముందువైపునే నడవాలి. పాత స్క్రిప్టులోలాగా అది తనను తాను వెనుకకు పంపుకుంటే, మొదటి ప్రాసెస్ ముగిసింది కాబట్టి సేవ ముగిసిందని సిస్టమ్‌డి భావిస్తుంది, మిగిలిన ప్రాసెస్‌ను కూడా ఆపేస్తుంది. అందుకే ఫోర్‌గ్రౌండ్ అన్న ఐచ్ఛికం ఇచ్చాం. పాత స్క్రిప్టును యూనిట్‌గా మార్చేవారు తరచుగా తడబడేది ఇక్కడే.

యూజర్ వరుసతో సేవ రూట్‌గా కాక సొంత ఖాతాతో నడుస్తుంది. సీరియల్ పోర్టును చదవాలంటే ఆ ఖాతాకు డెబియన్‌లో డయలౌట్ గ్రూపు అనుమతి కావాలి. స్టేట్‌డైరెక్టరీ వరుస డేటా డైరెక్టరీని సృష్టిస్తుంది. అది ముందే ఉండి రూట్ పేరు మీద ఉంటే, లోపలి ఫైళ్ళతో సహా కొత్త ఖాతా పేరుకు మారుస్తుంది. లేకపోతే కొత్త సేవ తన పాత లెక్కలను తానే తెరవలేకపోయేది.

రీస్టార్ట్ వరుస కూలిన సేవను తిరిగి లేపుతుంది. రీస్టార్ట్‌సెక్ ఇవ్వకపోతే సిస్టమ్‌డి సెకనులో పదో వంతు మాత్రమే ఆగి మళ్ళీ ప్రయత్నిస్తుంది. 10 సెకన్లలో 5 సార్లు మొదలుపెట్టినా నిలబడకపోతే సేవ విఫలమైందని తేల్చి వదిలేస్తుంది. వర్షమాపకం తీగ ఒక్క నిమిషం ఊడినా ఈ అయిదు ప్రయత్నాలు క్షణాల్లో అయిపోతాయి. 30 సెకన్ల విరామం ఇస్తే ఆ పరిమితి ఎప్పటికీ తగలదు. తీగ తిరిగి పెట్టిన అర నిమిషంలో లెక్క మొదలవుతుంది.

9.6 ప్యాకేజీలో మార్పు

యూనిట్ ఫైల్ బాగా రాసినంత మాత్రాన పని పూర్తికాదు. ఇప్పటికే ఇన్‌స్టాల్ అయి ఉన్న కంప్యూటర్లలో మార్పు సాఫీగా జరగాలి.

(అ) సంచిక సంఖ్య: ప్రోగ్రాము మారలేదు, ప్యాకేజీ కూర్పు మాత్రమే మారింది. కాబట్టి 1.4-1 అన్నది 1.4-2 అవుతుంది. చేంజ్‌లాగ్‌లో ‘స్క్రిప్టు మార్చాం’ అని ఊరుకోకుండా, ఎందుకు మార్చామో కూడా రాయాలి.

(ఆ) ఫైల్ స్థానం: ప్యాకేజీ యూనిట్ ఫైల్ యూఎస్ఆర్ డైరెక్టరీ కింద ఉంటుంది. నిర్వాహకుని మార్పులు ఈటీసీ కింద ఉంటాయి. సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్ ఆదేశంతో రాసిన మార్పు విడి ఫైల్‌గా నిలుస్తుంది, నవీకరణలో చెరిగిపోదు.

(ఇ) పాత స్క్రిప్టు: ఒకే పేరుతో రెండూ ఉంటే సిస్టమ్‌డి యూనిట్ ఫైల్‌నే తీసుకుంటుంది. అయినా ఇనిట్.డి లోని స్క్రిప్టు కాన్ఫ్‌ఫైల్ కాబట్టి కొత్త ప్యాకేజీలో లేకపోయినా డిస్కులో మిగిలిపోతుంది. దాన్ని తీసేయడానికి డీపీకేజీ-మెయింట్‌స్క్రిప్ట్-హెల్పర్ అనే ఉపకరణం ఉంది. వాడుకదారు ఆ స్క్రిప్టును మార్చి ఉంటే అది చెరిపివేయదు, బ్యాకప్ పేరుతో దాచి ఉంచుతుంది.

(ఈ) పాత అమరికలు: ఈటీసీలోని డిఫాల్ట్ ఫైల్‌లో ‘ఎనేబుల్డ్=నో’ అని రాసి కొందరు సేవను ఆపి ఉంచేవారు. దాన్ని చదివి ఆగేది పాత స్క్రిప్టు మాత్రమే. యూనిట్ ఫైల్‌కు ఆ మాట అర్థం కాదు. ఆపిన సేవ నవీకరణ తరవాత మొదలైపోతుంది. ఇన్‌స్టాల్ తరవాత నడిచే స్క్రిప్టు ఈ అమరికను ఒకసారి చూసి, ఉంటే సేవను డిసేబుల్ చేయాలి. అలాగే ఎన్విరాన్‌మెంట్‌ఫైల్ ద్వారా ఆ ఫైల్‌ను చదివించినప్పుడు అందులోని షెల్ షరతులు, ఆదేశాలు పనిచేయవు. పేరు, విలువ మాత్రమే అందుతాయి.

(ఉ) ఖాతా: వానలెక్క అనే సిస్టమ్ ఖాతాను ఇన్‌స్టాల్ స్క్రిప్టు సృష్టించాలి. లేని ఖాతాతో సేవ మొదలు కాదు.

9.7 పరీక్షించడం

నవీకరణను కింది క్రమంలో పరీక్షించాలి.

1. సిస్టమ్‌డి-ఎనలైజ్ వెరిఫై ఆదేశంతో యూనిట్ ఫైల్‌లో అక్షరదోషాలు లేవని చూసుకోవాలి.
2. సిస్టమ్‌సీటీఎల్ డీమన్-రీలోడ్ చేసి, సేవను ప్రారంభించి, స్టేటస్ చూడాలి.
3. ప్రాసెస్‌ను కిల్ -9 తో చంపాలి. 30 సెకన్లలో అది తిరిగి లేవాలి.
4. వర్షమాపకం తీగను రెండు నిమిషాలు తీసి మళ్ళీ పెట్టాలి. జర్నల్‌సీటీఎల్‌లో ప్రయత్నాలన్నీ కనిపించాలి.
5. పాత సంచిక ఉన్న కంప్యూటరు మీద కొత్త ప్యాకేజీని ఎక్కించాలి. కొత్త కంప్యూటరు మీద మాత్రమే పరీక్షిస్తే 9.6లోని చిక్కులు బయటపడవు.
6. చివరగా, విలువైన డేటా లేని కంప్యూటరును నడుస్తుండగానే ప్లగ్ పీకి, మళ్ళీ పెట్టాలి. రీబూట్ ఆదేశం సేవలను మర్యాదగా ఆపుతుంది. కరెంటు కోత అలా ఆపదు. మన సమస్య పుట్టింది కోతలోనే కాబట్టి అసలు పరీక్ష ఇదే.

ఇంత చేసినా కరెంటు లేని గంట లెక్క తిరిగి రాదు. కాబట్టి ప్రోగ్రాము వాన లేని సమయంలో కూడా క్రమం తప్పకుండా ‘సున్నా’ అని రాస్తూ ఉండాలి. అప్పుడు సున్నాకు, ఖాళీకి తేడా పట్టికలోనే తెలుస్తుంది. సున్నా అంటే చూశాం, వాన లేదు అని. ఖాళీ అంటే చూడలేదు అని. వాన లెక్క మీద ఆధారపడే రైతుకు ఈ రెండూ ఒకటి కావు.

9.8 సారాంశం

సేవ ఎంత బాగున్నా అది మొదలైతేనే ఉపయోగం. పాత షెల్ స్క్రిప్టుల్లో పిఐడి ఫైల్, పర్యవేక్షణ లేమి, గడియారం, అధికారం సంబంధమైన లోపాలుంటాయి. యూనిట్ ఫైల్ వీటిలో చాలావాటిని తొలగిస్తుంది, కాని టైప్, ఆఫ్టర్, రీస్టార్ట్‌సెక్ వంటి వరుసలను అర్థం చేసుకుని రాయాలి. ప్యాకేజీని నవీకరించేటప్పుడు వాడుకదారు అమరికలను కాపాడాలి. ఏ పరిస్థితిలో లోపం బయటపడిందో ఆ పరిస్థితిలోనే పరీక్షించాలి.

9.9 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. కరెంటు పోయినప్పుడు పిఐడి ఫైల్ ఎందుకు మిగిలిపోతుంది?
2. టైప్=సింపుల్ ఉన్నప్పుడు ప్రోగ్రాము తనను తాను వెనుకకు పంపుకుంటే ఏమవుతుంది?
3. రీస్టార్ట్‌సెక్ విలువ 1 ఇస్తే, తీగ ఊడినప్పుడు సేవ ఏ స్థితికి చేరుతుంది? లెక్క వేసి చెప్పండి.

9.10 నమూనా పరీక్ష ప్రశ్నలు

1. సిస్టమ్ ఫైవ్ స్క్రిప్టుకు, యూనిట్ ఫైల్‌కు గల భేదాలను ఉదాహరణతో వివరించండి.
2. ప్యాకేజీ నవీకరణలో ‘ఎనేబుల్డ్=నో’ అమరిక వల్ల కలిగే సమస్యను, దాని పరిష్కారాన్ని చర్చించండి.
3. మీ ప్రాంతంలో కరెంటు కోతల వల్ల ఆగిపోగల ఒక సేవను ఎంచుకుని దానికి యూనిట్ ఫైల్ రాయండి. ప్రతి వరుసకు కారణం చెప్పండి.