అంగడి పెట్టె, ఇంటి ఖర్చు

మా ముద్దనూరిలో పొరుగింటి యామె పొదుపు సంఘమున ఋణము తీసికొని చీరల యంగడి పెట్టినది. ప్రొద్దుటూరి సరకు; బేరము బాగుగనే సాగినది. అయినను మూడవ నెల కంతు కట్టుటకు పైకము లేదు! పాలకును, పిల్లల పుస్తకములకును అంగడి పెట్టెయే తెఱవబడుచుండెను. అరువు వ్రాయుటయే లేదు.

ఇరువురమును కూర్చుండి లెక్క కట్టితిమి. 300 రూపాయలకు కొన్న చీరను 400లకు అమ్మినచో లాభము నూఱు కాదు. అద్దె, బండి కూలి, వడ్డీ అందుండియే పోవలయును. ఆ 300లు మరల సరకునకే. ఫోనున వచ్చు సొమ్మునకు వేఱు ఖాతా తెఱచితిమి. ఆమె తనకు నెలజీత మేర్పఱచుకొన్నది. మా వారి బడిజీతమువలె అదియు చాలదు, అది వేఱు మాట. 2015లో వెలసిన ముద్రా పథకమున 50,000 రూపాయలవఱకు శిశు ఋణము పూచీ లేకయే యిత్తురు. పాత కంతులు తీరనిదే వలదంటిని.

మొన్న కుమారుడు కలమునకై పెట్టె తెఱవబోగా, తాళపుచెవి కొంగున ముడివైచుకొని, “నా జీతము రానిమ్ము” అనినది.